రెండు పద్దుల నడుమ: ఆటిజం, ఆత్మహత్యల నివారణ, మన సర్కారు

మనలో చాలామందికి గడప దాటితే భాష మారిపోతుంది. ఇంట్లో అవ్వతో తెలుగు, కోవిల్‌పట్టి బస్టాండులో కండక్టరుతో అరవం, క్లాసులో మేడమ్ అడిగితే పుస్తకం తెలుగు, ఆఫీసు కౌంటరు దగ్గర మళ్ళీ అరవం. పరీక్షలో "వాళ్ళు వచ్చారు" అని రాస్తాం, ఇంటికి పోయి "వాండ్లు వచ్చినారు" అంటాం. ఇదంతా ఎవరూ కూర్చోబెట్టి నేర్పింది కాదు. కష్టమని కూడా మనకు తోచదు.

ఇప్పుడు భాష ఒక్కటే కాదు, ముఖం కూడా అట్లా మార్చుకోవాల్సి వస్తే ఎట్లుంటుందో అనుకోండి. ఎదుటివాళ్ళ కళ్ళలోకి ఎంతసేపు చూడాలి, ఎప్పుడు చూపు తిప్పుకోవాలి, జోకు వేస్తే ఎంత నవ్వాలి, "తిన్నావా" అని అడిగితే ఏం తిన్నామో చెప్పాలా, ఊరికే "ఆఁ" అంటే సరిపోతుందా? ఇవన్నీ లోపల లెక్క వేసుకుంటూ పొద్దున బస్సెక్కినప్పటి నుంచి సాయంత్రం ఇల్లు చేరేదాకా గడపాలి. ఆటిజం ఉన్న ఆడపిల్లల్లో చాలామంది రోజూ చేసే పని ఇదే. పరిశోధకులు దీన్ని మాస్కింగ్ అంటారు, మనం వేషం కట్టడం అనుకోవచ్చు. మన భాష మార్పు మనల్ని అలసిపోనివ్వదు. ఆ వేషం మాత్రం మనిషిని లోపల్నుంచి తినేస్తుంది. 2018లో ఇంగ్లండులో సారా కాసిడీ అనే పరిశోధకురాలు, ఆమెతో పనిచేసినవాళ్ళు ఆటిజం ఉన్న పెద్దవాళ్ళను అడిగి చూశారు. తమను తాము దాచుకుని బతకడం, కావలసిన సాయం దొరక్కపోవడం, ఈ రెండూ చనిపోవాలన్న ఆలోచనలతో ముడిపడి ఉన్నాయని తేలింది.

ఈ వ్యాసం ఆ ముడి గురించి, దాన్ని విప్పడానికి ప్రభుత్వాలు ఏం చేస్తున్నాయన్న దాని గురించి. విషయం బరువైంది. చదువుతుంటే మనసుకు కష్టంగా అనిపిస్తే ఇక్కడే ఆపేసి 14416కు ఫోన్ చేయండి, మిగతాది ఎప్పుడైనా చదవొచ్చు. ఆ నంబరు సంగతి కింద వస్తుంది.

మాటలతోనే చిక్కు

మనది తెలుగు శాఖ కాబట్టి ముందు మాటల దగ్గర కాస్త ఆగుదాం. ఆటిజం అన్న మాటకు మూలం గ్రీకులో 'తాను' అనే అర్థమిచ్చే పదం. తెలుగులో కొందరు దాన్ని స్వలీనత అన్నారు, అంటే తనలో తాను లీనమైపోవడం. అరవంలో మదియిఱుక్కం అంటారు, మనసు బిగుసుకుపోవడం అన్నమాట. అరవంలోనే ఇంకో మాట కూడా వాడకంలో ఉంది: బయటి లోకం ధ్యాస లేనివాళ్ళు అని దాని అర్థం. మూడు మాటలూ వినడానికి బాగానే ఉన్నాయి కానీ మూడూ మనల్ని తప్పు దారి పట్టిస్తాయి. ఈ మనిషికి ఎవరూ అక్కర్లేదు, ఒంటరిగా ఉంటేనే సుఖం అన్నట్టు అనిపిస్తాయి. ఆటిజం ఉన్నవాళ్ళలో చాలామంది స్నేహం కావాలనే కోరుకుంటారు. దొరక్క బాధపడతారు. ఒంటరితనం వాళ్ళు ఎంచుకున్నది కాదు. నా మటుకు నాకు ఆటిజం అన్న మాటే మేలనిపిస్తుంది, కనీసం అది ఏ తీర్పూ చెప్పదు.

అసలు ఆటిజం అంటే ఏమిటో క్లుప్తంగా చెప్తాను. అది జబ్బు కాదు, అంటుకునేది కాదు, అమ్మ పెంపకంలో లోపం అంతకన్నా కాదు. పుట్టుకతోనే మెదడు ఎదిగే తీరులో ఉన్న తేడా. మాటల వెనక మాటలు, ముఖ కవళికలు చదవడం కష్టమవుతుంది. శబ్దం, వెలుతురు, వాసన, బట్ట ఒరుసుకోవడం మనకన్నా ఎక్కువగానో తక్కువగానో తగులుతాయి. అలవాటైన పద్ధతి తప్పితే గాభరా పుడుతుంది. ఇష్టమైన విషయం మీద అంతులేని ధ్యాస ఉంటుంది. కొందరికి మాట రాదు, బుద్ధి ఎదుగుదల కూడా మందగిస్తుంది. కొందరు మనతోపాటు డిగ్రీ చదువుతుంటారు, మనకన్నా మంచి మార్కులు తెచ్చుకుంటారు.

ఆడపిల్లల సంగతి ఎందుకు మరుగున పడిందంటే దానికో చరిత్ర ఉంది. 1943లో అమెరికాలో లియో కానర్ అనే వైద్యుడు ఆటిజం గురించి మొదటి పెద్ద వ్యాసం రాశాడు. అందులో 11 మంది పిల్లలుంటే 8 మంది మగపిల్లలే. మరుసటి ఏడు ఆస్ట్రియాలో హాన్స్ ఆస్పెర్గర్ రాసింది కూడా మగపిల్లల గురించే. డాక్టర్లకు ఆ బొమ్మే కళ్ళలో నిలిచిపోయింది. బొమ్మ కార్లను వరసలో పేర్చే పిల్లవాడైతే గుర్తుపడతారు. వెనక బెంచీలో నోరు మెదపకుండా కూర్చుని, పక్క పిల్లను చూసి ఎప్పుడు నవ్వాలో నేర్చుకునే ఆడపిల్లను ఎవరూ గుర్తుపట్టరు. మన ఇళ్ళల్లో ఆ పిల్లకు వేరే పేర్లున్నాయి: ముంగి, పొగరు, "ఒకరితో కలిసే గుణం లేదు". పెళ్ళిచూపులు వచ్చేదాకా అవే పేర్లతో గడిచిపోతుంది.

అంకెలు, వాటిని చదివే పద్ధతి

స్వీడనులో దేశంలో ప్రతి మనిషి వైద్యం వివరాలూ రిజిస్టర్లలో ఉంటాయి. వాటిని తిరగేసి చేసిన ఒక పరిశోధన 2016లో అచ్చయింది. ఆటిజం ఉన్నవాళ్ళు మిగతావాళ్ళ కన్నా సగటున 16 ఏళ్ళు ముందే చనిపోతున్నారని అందులో తేలింది. ఆత్మహత్య వల్ల చనిపోయే అవకాశం ఏడు రెట్లకు పైగా ఉంది. డెన్మార్కు రిజిస్టర్ల మీద 2021లో వచ్చిన పరిశోధన మూడు రెట్లకు పైన అని చెప్పింది. లెక్కలు వేరుగా ఉన్నా రెండూ చూపించే దిక్కు ఒకటే. స్వీడన్ లెక్కలో ఇంకో సంగతి ఉంది, ఈ వ్యాసానికి అదే ముఖ్యం. ప్రమాదం ఎక్కువగా కనిపించింది బుద్ధి ఎదుగుదల బాగా ఉన్నవాళ్ళలో. అంటే చూడ్డానికి "ఏమీ లేనట్టు" ఉండేవాళ్ళలో. మామూలు జనంలో ఆత్మహత్య మరణాలు ఆడవాళ్ళలో తక్కువ కదా, ఆటిజం ఉన్న ఆడవాళ్ళకు ఆ రక్ష కూడా లేదు.

ఇక్కడొక జాగ్రత్త. ఏడు రెట్లు అనగానే గుండె ఝల్లుమంటుంది కానీ, చిన్న అంకెకు ఏడు రెట్లన్నా చిన్న అంకే. ఆటిజం ఉన్నవాళ్ళలో ఎక్కువమంది ఆత్మహత్య వల్ల చనిపోరు. ఆటిజమే దానికి కారణమని కూడా ఎవరూ అనడం లేదు. ఒంటరితనం, బడిలో ఏడిపించడం, పనిలో నిలదొక్కుకోలేకపోవడం, తనకేమిటో తనకే తెలియకుండా ముప్పై ఏళ్ళు గడపడం, దిగులు జబ్బు వచ్చినా ఎవరూ కనిపెట్టకపోవడం, ఇవన్నీ కలిసి మనిషిని అక్కడికి నెడతాయి. ఇవన్నీ మార్చగలిగినవే. కాబట్టే ఇది ప్రభుత్వం పని అవుతుంది.

మన దేశంలో రెండు పద్దులు

మన సర్కారు లెక్కల్లో ఆటిజం ఒక పద్దులో ఉంది, ఆత్మహత్యల నివారణ ఇంకో పద్దులో ఉంది.

మొదటి పద్దు వైకల్యానిది. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఆటిజం అన్న మాటే లేదు. 1999లో నేషనల్ ట్రస్టు చట్టం వచ్చినప్పుడు మొదటిసారి దానికి చట్టంలో చోటు దొరికింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో అదొకటి. ఈ చట్టం వల్ల ఉన్నత చదువుల్లో 5 శాతం, ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం సీట్లు వైకల్యం ఉన్నవాళ్ళకు పక్కన పెట్టారు. ఉద్యోగాల్లోని ఆ 4లో 1 శాతాన్ని ఆటిజం, బుద్ధి వైకల్యం, చదువులో ప్రత్యేక ఇబ్బంది, మానసిక వ్యాధి, ఒకటికి మించిన వైకల్యాలు ఉన్నవాళ్ళంతా కలిసి పంచుకోవాలి. పరీక్షల్లో గంటకు 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలని 2018 నాటి కేంద్ర మార్గదర్శకాలు చెప్పాయి. నేషనల్ ట్రస్టు వారి నిరామయ పథకం కింద ఏడాదికి లక్ష రూపాయల వరకు వైద్య బీమా ఉంది. పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ళదాకా పిల్లలను పరీక్షించే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుంచి నడుస్తోంది, ఎదుగుదలలో తేడాలను చూడడం దాని పనుల్లో ఒకటి.

ఇవన్నీ అందాలంటే సర్టిఫికెట్ కావాలి. దానికోసం కొలిచే కొలబద్ద మన తెలుగు నేల మీదే తయారైంది. సికింద్రాబాదులో ఉన్న జాతీయ సంస్థవారు తయారుచేసిన ఇసా అనే పట్టిక అది. అందులో 40 అంశాలుంటాయి. పిల్ల కళ్ళలోకి చూస్తుందా, తోటివాళ్ళతో ఆడుకుంటుందా, చెప్పిందే చెప్తుందా, ఇట్లా. ఒక్కోదానికి 1 నుంచి 5 వరకు మార్కులు వేస్తారు. మొత్తం 70 రాకపోతే ఆటిజం లేదని లెక్క. పట్టిక మంచిదే, దేశమంతటికీ ఒకే కొలత ఉండడం మేలే. కానీ చూడండి, అది కొలిచేది బయటికి కనబడేదాన్ని. వేషం కట్టడం బాగా వచ్చిన పిల్ల ఆ నలభై అంశాల్లోనూ తక్కువ మార్కులే తెచ్చుకుంటుంది. ఈ ఒక్క పరీక్షలో మార్కులు తక్కువ రావడమే ఆమెకు నష్టం. ఎవరికి ప్రమాదం ఎక్కువని స్వీడన్ లెక్క చెప్తోందో, సర్టిఫికెట్ అందనివాళ్ళు సరిగ్గా వాళ్ళే.

రెండో పద్దు ఆత్మహత్యల నివారణ. ఈ పద్దులో మన దేశం ఈ మధ్య చాలా దూరం నడిచింది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 29వ సెక్షన్ ఆత్మహత్యలు తగ్గించే కార్యక్రమాలు నడపడం ప్రభుత్వాల బాధ్యత అని చెప్పింది. 115వ సెక్షన్ ప్రకారం అట్లా ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు, వైద్యం అందించాలి. పాత శిక్షాస్మృతిలో ప్రయత్నాన్ని నేరంగా చూసిన 309వ సెక్షన్, 2024 జులైలో వచ్చిన కొత్త న్యాయ సంహితలో లేదు. ఒక్క సందర్భం మాత్రం నేరంగా మిగిలింది: ప్రభుత్వోద్యోగిని బలవంతపెట్టడానికో అడ్డుకోవడానికో అట్లా ప్రయత్నించడం. చట్టం మారినా మన మాట మాత్రం మారలేదు, 'ఆత్మహత్య'లో హత్య ఇంకా అట్లాగే కూర్చుని ఉంది. దీనికి మంచి తెలుగు మాట ఎవరికైనా తోస్తే గోడపత్రికకు రాయండి.

2022 నవంబరు 21న కేంద్ర ఆరోగ్య శాఖ జాతీయ ఆత్మహత్యల నివారణ వ్యూహాన్ని విడుదల చేసింది. 2020తో పోలిస్తే 2030 నాటికి ఈ మరణాలను 10 శాతం తగ్గించాలన్నది దాని లక్ష్యం. మూడేళ్ళలో సరైన లెక్కలు తీసే ఏర్పాటు, అయిదేళ్ళలో ప్రతి జిల్లాలో ఈ సేవలందించే మానసిక వైద్య విభాగం, ఎనిమిదేళ్ళలో అన్ని విద్యాసంస్థల్లో మనసు ఆరోగ్యం మీద పాఠాలు అని గడువులు కూడా పెట్టుకుంది. ఆ ఏడాదే అక్టోబరు 10న టెలిమానస్ మొదలైంది. 14416 దాని నంబరే. దుడ్డు పడదు, రాత్రీ పగలూ పనిచేస్తుంది, 20 భాషల్లో మాట్లాడతారు, అందులో మన తెలుగూ ఉంది. అరవంలో కడుపులో మాట చెప్పుకోలేని అవ్వలకు ఈ సంగతి చెప్పండి.

తమిళనాడు ఇందులో వెనకబడిన రాష్ట్రం కాదు. 1986లోనే చెన్నైలో డాక్టర్ లక్ష్మీ విజయకుమార్ స్నేహ అనే సంస్థ పెట్టి, బాధలో ఉన్నవాళ్ళ మాట వినే పని మొదలుపెట్టారు. పబ్లిక్ పరీక్ష తప్పినవాళ్ళు ఏడాది పొడుగునా కాచుకోకుండా వెంటనే మళ్ళీ రాసే ఏర్పాటును ఆమె పట్టుదలగా సమర్థించారు. ఇప్పుడు మనకు అది మామూలు విషయం, జూన్, జులైలలో రాసే పరీక్షే కదా అనుకుంటాం. కానీ ఒక పరీక్ష తేదీ మార్చితే ప్రాణాలు నిలుస్తాయన్నది చిన్న సంగతి కాదు. 2022 డిసెంబరులో ప్రభుత్వ వైద్య కళాశాలల్లో 'మనం' అనే మండ్రాలు మొదలయ్యాయి. అరవంలో మనం అంటే మనసు. మన తెలుగులో మనం అంటే మనమే. పేరు పెట్టినవాళ్ళకు ఆ రెండో అర్థం తెలుసో లేదో కానీ, రెండూ అతికాయి.

ఇంత చేసినా అంకెలు దిగులు పుట్టిస్తున్నాయి. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య వల్ల చనిపోతే, అందులో 19,834 మంది తమిళనాడువాళ్ళు. లక్షమందికి దేశం సగటు 12.4 అయితే మన రాష్ట్రానిది 25.9. ఆ పుస్తకంలో వృత్తికి, చదువుకు, పెళ్ళికి, కారణానికి వేరువేరు గళ్ళున్నాయి. ఆటిజానికి గడి లేదు. కాబట్టి ఆటిజం ఉన్నవాళ్ళు వాళ్ళలో ఎందరో ఎవరూ లెక్కపెట్టడం లేదు. జాతీయ వ్యూహంలో కూడా ఆటిజం ఉన్నవాళ్ళను విడిగా ఒక ముఖ్య వర్గంగా పెట్టి, వాళ్ళకోసం ఏం చేయాలో చెప్పిన భాగం లేదు. వైకల్యం పద్దు రాసేవాళ్ళు చిన్నపిల్లలను, సర్టిఫికెట్లను చూస్తారు. ఆత్మహత్యల పద్దు రాసేవాళ్ళు రైతులను, పరీక్షలను, అప్పులను చూస్తారు. రెండు పద్దుల నడుమ ఉన్న మనిషి పేరు ఎవరి పుస్తకంలోనూ పడదు.

ఇంగ్లండు ఏం చేసింది

ఆ రెండు పద్దులను కలిపి చూసిన ప్రభుత్వం ఇంగ్లండుది. అక్కడ 2009లోనే ఆటిజానికి విడిగా ఒక చట్టం ఉంది. 2023 సెప్టెంబరులో విడుదల చేసిన అయిదేళ్ళ ఆత్మహత్యల నివారణ వ్యూహంలో ప్రత్యేక శ్రద్ధ పెట్టవలసిన వర్గాల పేర్లు రాశారు. పిల్లలు, యువత, నడివయసు మగవాళ్ళు, తమను తాము గాయపరచుకున్నవాళ్ళు, మానసిక వైద్యంలో ఉన్నవాళ్ళు, కోర్టు కేసుల్లో ఉన్నవాళ్ళు, గర్భిణులు, కొత్తగా తల్లులైనవాళ్ళు. వాళ్ళతోపాటు ఆటిజం ఉన్నవాళ్ళు. వాళ్ళ పేరు అట్లా చేరడం అదే మొదటిసారి.

పేరు రాస్తే ఏమొస్తుందంటారా? పేరు పడితే లెక్క అడగొచ్చు. ఈ ఏడాది వాళ్ళకోసం ఏం చేశారు, ఎంత ఖర్చుపెట్టారు అని నిలదీయొచ్చు. పేరు లేని మనిషికోసం ఎవరూ బడ్జెట్ రాయరు కదా.

అక్కడ దీనికి తోడుగా ఇంకో ఏర్పాటు ఉంది. 2016లో ఆలివర్ మెక్‌గోవన్ అనే 18 ఏళ్ళ కుర్రవాడు, ఆటిజం ఉన్నవాడు, ఆసుపత్రిలో చనిపోయాడు. తనూ తల్లిదండ్రులూ వద్దన్న మందు అతనికి ఇచ్చారు. వాళ్ళమ్మ ఏళ్ళ తరబడి పోరాడింది. 2022 నాటి చట్టంతో ఆరోగ్య సేవల్లో పనిచేసేవాళ్ళందరూ ఆటిజం గురించి శిక్షణ పొందాల్సిందే అయింది, ఆ శిక్షణకు అతని పేరే పెట్టారు. న్యూకాసిల్, నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయాలవాళ్ళు ఆటిజం ఉన్నవాళ్ళతోనే కలిసి కూర్చుని ఒక రక్షణ పత్రం తయారుచేశారు. మనసు కుంగినప్పుడు ఏం చేస్తే నెమ్మదిస్తుంది, ఎవరికి చెప్పాలి, ఎట్లా చెప్పాలి అన్నవి ముందే రాసి పెట్టుకునే కాగితం అది. నోటితో చెప్పలేనివాళ్ళకు రాసి, గీసి చెప్పే వీలుంటుంది.

అయితే ఇంగ్లండును నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. అక్కడ ఆటిజం ఉందో లేదో చూపించుకోవడానికే లక్షమందికి పైగా కాచుకుని ఉన్నారు. పేరు రాసిన కాగితం ఒకటి, తలుపు తెరిచే డాక్టరు ఒకటి. రెండోది వాళ్ళకూ కొరతే.

కోవిల్‌పట్టి పిల్ల

ఇప్పుడు మన ఊళ్ళకు వద్దాం. ఒక పిల్లను అనుకుందాం, నిజం మనిషి కాదు, విషయం తెలియడానికి నేను కట్టుకున్న బొమ్మ. ఊరు కోవిల్‌పట్టి. నాయన అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తాడు. పిల్ల రోజూ సాత్తూరు మీదుగా యాబై కిలోమీటర్లు బస్సులో విరుదునగరు కాలేజీకి వస్తుంది. చదువులో చురుకు. బస్సులో పాట పెడితే చెవులు మూసుకుంటుంది, స్నేహితురాళ్ళు నవ్వుతారు. మధ్యాహ్నం అందరూ గుంపుగా తినేచోటికి పోదు. ఒక రోజు పరీక్ష గది మార్చారని చెప్పకుండా మార్చితే ఏడ్చేసింది, "ఇంత చిన్నదానికా" అన్నారందరూ. మూడో ఏడు వచ్చేసరికి రాత్రి నిద్ర పోయింది, ఇష్టమైన పుస్తకం ముట్టడం మానేసింది.

ఈ పిల్ల ఏ తలుపు తట్టాలి? కోవిల్‌పట్టి తూత్తుక్కుడి జిల్లాలోది, కాలేజీ విరుదునగరు జిల్లాలోది. 1996 నుంచి ఉన్న జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం పేరుకు తగ్గట్టే జిల్లాలవారీగా నడుస్తుంది. కోవిల్‌పట్టిలో ప్రభుత్వ ఆసుపత్రి ఉంది, విరుదునగరులో 2022 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. వైద్య కళాశాల అంటే మానసిక వైద్య విభాగం ఉంటుంది. పోవడానికి చోట్లు లేకపోలేదు. కానీ బాల స్వాస్థ్య కార్యక్రమం వయసు ఆమెకు దాటిపోయింది. ఆటిజం అన్న మాట ఆమెకే తెలియదు కాబట్టి సర్టిఫికెట్ ఊసే లేదు. డాక్టరు దగ్గరికి పోయినా ముఖంలో బాధ కనబడదు, "బాగున్నావా" అంటే "బాగున్నా" అంటుంది, ఎందుకంటే ఆ ప్రశ్నకు అదే జవాబని నేర్చుకుంది. "ఈ మధ్య దిగులుగా ఉంటోందా" అంటే, ఈ మధ్య అంటే ఎన్ని రోజులో తేల్చుకోలేక ఊరుకుంటుంది. ఇంటికి పోతే పెళ్ళి మాట.

ఆమెకు దగ్గరగా ఉన్న తలుపు కాలేజీయే. ఇక్కడ ఒక కొత్త సంగతి చెప్పాలి. 2025 జులై 25న సుప్రీంకోర్టు విద్యార్థుల మనసు ఆరోగ్యం మీద దేశమంతటికీ 15 మార్గదర్శకాలు ఇచ్చింది. విశాఖపట్నంలో చదువుకుంటూ చనిపోయిన ఒక విద్యార్థిని కేసులో వచ్చిన తీర్పు అది. చట్టం వచ్చేదాకా ఆ మాటే చట్టం. దాని ప్రకారం 100 మందో అంతకు మించో చదివే సంస్థలో కనీసం ఒక శిక్షణ పొందిన కౌన్సెలరో సైకాలజిస్టో ఉండాలి. బోధించేవాళ్ళకూ, మిగతా ఉద్యోగులకూ ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. టెలిమానస్‌తో సహా సహాయం నంబర్లు హాస్టళ్ళలో, తరగతుల్లో, అందరూ తిరిగేచోట పెద్ద అక్షరాలతో రాసి పెట్టాలి. వైకల్యం ఉన్న విద్యార్థులతో చిన్నచూపు లేకుండా మెలగడం సిబ్బందికి నేర్పాలని కూడా అందులో ఉంది. ఆ శిక్షణల్లో ఒక్క గంట ఆటిజం గురించి పెట్టించుకుంటే రెండు పద్దులూ ఒకే గదిలో కలుస్తాయి. దీనికి కొత్త పథకం అక్కర్లేదు, కొత్త జీవో అక్కర్లేదు.

అట్లాంటి శిక్షణలో ఏం చెప్తారో కొంత ఇక్కడే చెప్పుకోవచ్చు. మామూలుగా మనకు చెప్పే గుర్తులు "నలుగురిలో కలవడం మానేస్తే, మాట తగ్గితే గమనించండి" అని ఉంటాయి. ఎప్పుడూ మాట తక్కువగా ఉండే పిల్ల దగ్గర ఆ గుర్తులు పనిచేయవు. ఆమెను ఇంకొకరితో కాదు, నిన్నటి ఆమెతోనే పోల్చాలి. ఇష్టమైనది వదిలేసిందా, నిద్ర, తిండి మారాయా, అలవాటైన పనులు చెదిరిపోయాయా అని చూడాలి. అనుమానం వస్తే చుట్టూ తిప్పకుండా అడగాలి. అడిగితే లేని ఆలోచన పుడుతుందేమో అని మనకు భయం, అట్లా పుట్టదని ఈ రంగంలోవాళ్ళు ఎప్పుడో తేల్చేశారు. ప్రశ్న సూటిగా ఉండాలి: "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అంతే. "అదీ... ఏమైనా... అట్లాంటి ఆలోచన..." అని నసిగితే ఆమెకు ఏం అడిగారో కూడా తెలియదు. కళ్ళలోకి చూసి చెప్పమనొద్దు. పక్కపక్కన నడుస్తూనో, వాట్సాప్‌లో రాసో, కాగితం మీదో చెప్పనివ్వండి. జవాబు వచ్చేదాకా కాచుకోండి, నిశ్శబ్దం ఆమెకు ఇబ్బంది కాదు, మనకే. ఉంది అని చెప్తే ఒంటరిగా వదలకుండా మేడమ్‌కో, కౌన్సెలర్‌కో, ఇంట్లో ఆమె నమ్మినవాళ్ళకో తెలియజేయాలి, ఆసుపత్రికి తోడు పోవాలి. "ఎవరికీ చెప్పనని ఒట్టు" మాత్రం పెట్టకండి, ఈ ఒక్క విషయంలో ఆ ఒట్టు నిలబెట్టుకోలేం.

ఫోన్ సంగతి కూడా ఒకటుంది. ఆటిజం ఉన్న చాలామందికి ముక్కూ ముఖం తెలియనివాళ్ళతో ఫోన్‌లో మాట్లాడడమే పెద్ద గండం. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఆ గండం ఇంకా పెద్దదవుతుంది. మన సాయం ఏర్పాట్లు చాలావరకు నోటి మాట మీదే కట్టినవి. టెలిమానస్ 2024 అక్టోబరులో ఒక యాప్ తెచ్చింది, వీడియోలో మాట్లాడే ఏర్పాటును మొదట మొదలుపెట్టిన రాష్ట్రాల్లో తమిళనాడు ఒకటి. అది మంచిదే, కానీ కళ్ళు కలపలేని పిల్లకు వీడియో ఏం సుఖం? అవతల మనిషే కూర్చుని, రాసింది చదివి, రాసి జవాబిచ్చే దారి కూడా ఉండాలి. అంతదాకా ఒక పని మనమే చేయొచ్చు. ఆమె పక్కన కూర్చుని, ఆమె ఏం చెప్పాలనుకుంటుందో ముందు కాగితం మీద రాయించి, 14416కు ఫోన్ కలిపి, తెలుగు ఎంచుకుని, మొదటి రెండు వాక్యాలు ఆమె బదులు మనం చదివి వినిపించొచ్చు. రాష్ట్ర ఆరోగ్య శాఖ నంబరు 104 కూడా ఉంది. చెన్నై స్నేహవాళ్ళది 044-24640050.

మన గోడపత్రిక కుడివైపు పైమూలలో ప్రతి నెలా పద్యం వేసే చోటు పక్కన జానెడు ఖాళీ ఉంటుంది. పెద్ద అక్షరాలతో రాసి పెట్టాలని సుప్రీంకోర్టు చెప్పిన నంబరు అందులో సరిగ్గా పడుతుంది. రంగు చాకు నా దగ్గర ఉంది, మేడమ్ సరే అంటే ఈ సోమవారమే రాసేస్తాను.